దుప్పటి కప్పుకుని మాట్లాడండి

ఆఫీసులో ఆవిడని అందరూ చెవులక్క అంటారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత ఎదురుగానే అనడం అలవాటైపోయింది, ఇప్పుడైతే ఆవిడ టీ కప్పు మీద కూడా ఎవరో స్కెచ్ పెన్నుతో ఆ పేరే రాసిపెట్టారు. చెవులు పెద్దవని కాదు. నలభై ఆరేళ్ళ మనిషికి ఎంత ఉండాలో అంతే ఉంటాయి. అవి చేసే పనే పెద్దది. ఆ సంగతే చెప్పబోతున్నాను. మీరైనా కాస్త నిదానంగా వినండి, ఆవిడ దగ్గర నిదానం మచ్చుకైనా దొరకదు.

కాలు ఒకచోట నిలవదు ఆవిడకి. కుర్చీ ఉంది, దాని మీద మెత్తటి దిండు కూడా ఉంది, కానీ ఫోను కలిసిందంటే చాలు లేచి నడవడమే. హెడ్‌సెట్ తీగ ఎంత పొడవుంటే అంత దూరం పోవడం, అది బిగుసుకున్నాక వెనక్కి తిరగడం. పక్క సీటులో అంకెలు చూసే అమ్మాయి ఉంది, అందరూ లెక్కల పిల్ల అంటారు. ఆ తీగ తగిలి తన పెన్నుల డబ్బా మూడుసార్లు బోర్లా పడ్డాక, ఆ పిల్ల దాన్ని తీసి నేల మీద పెట్టుకుంది. "వైరు లేనిది కొనిస్తాను అక్కా" అన్నాడు బాసు ఒకసారి. "వద్దు బాబూ, ఆ వైరు కూడా లేకపోతే నేను మెట్లు దిగి రోడ్డు మీదకి పోతాను" అంది ఆవిడ. అది నవ్వులాటకి అన్న మాట కాదు.

వాళ్ళది ఇళ్ళు అమ్ముకునేవాళ్ళకీ, అమ్మిపెట్టే ఏజెంట్లకీ జత కుదిర్చే కంపెనీ. మూడో అంతస్తులో పెద్ద హాలు, ఇరవై బల్లలు, కిటికీలోంచి చూస్తే ఎదురుగా టైర్ల షాపు. ఇల్లు అమ్ముదామనుకున్న మనిషి వీళ్ళ వెబ్‌సైటులో వివరాలు నింపుతాడు. ఐదు నిమిషాల్లో ఇక్కడినుంచి ఫోను వెళ్ళాలి, అది నియమం. ముందు కుశలం అడిగి, రికార్డు చేసుకోవడానికి ఒప్పుకుంటారా అని అడిగి, ఎర్ర బటన్ నొక్కి, అప్పుడు పదమూడు ప్రశ్నలు మొదలుపెట్టాలి. ఎన్ని గదులు, కట్టి ఎన్నేళ్ళయింది, ఎందుకు అమ్ముతున్నారు, ఎప్పటికల్లా అమ్మాలి, ఇలాగ. జవాబులు పెడితే కంప్యూటరు వందలమంది ఏజెంట్లలోంచి ముగ్గురిని ఏరి ఇస్తుంది. అమ్మేవాడు ఆ ముగ్గురిలో ఒకరిని ఎంచుకుంటాడు. ఇల్లు అమ్ముడయ్యాక ఏజెంటు తన కమీషన్లో కొంత కంపెనీకి ఇచ్చుకుంటాడు. పూర్వం వీధి చివర బడ్డీకొట్టాయన నోటిమాటతో చేసిన పనే ఇది, కాకపోతే దానికిప్పుడు ఏసీ హాలూ, మెడలో గుర్తింపు కార్డులూ వచ్చాయి.

ఈ పదమూడు కాక చెవులక్కకి పద్నాలుగోది ఒకటి తెలిసేది, అడక్కుండానే. అవతలి మనిషి "హలో" అనగానే ఆ గొంతు వెనక గది ఎలా ఉందో ఆవిడకి వినిపించేది. మంచాలూ, పరదాలూ, బట్టల బీరువాలూ ఉన్న గదిలో మాట పుట్టినచోటే అణిగిపోతుంది. సామాను తీసేసిన గదిలో మాట గోడకి తగిలి వెనక్కి వస్తుంది. గది మోగుతుంది. మనకైతే ఫోనులో ఆ తేడా తెలియదు. ఆవిడకి మాత్రం పాలలో నీళ్ళు కలిస్తే నాలుకకి తెలిసినట్టు తెలిసిపోయేది.

ఈ విద్య ఎక్కడా చదివి నేర్చుకున్నది కాదు, ఇళ్ళు మారి మారి వచ్చింది. వాళ్ళ నాన్న వంతెనలు కట్టేచోట సూపర్‌వైజరు. ఒక వంతెన పూర్తయితే ఇంకో నది. పెళ్ళయ్యేలోపే ఆవిడ ఇరవై ఒక్క ఇళ్ళు మారింది. సామాను లారీకి ఎక్కించాక వాళ్ళమ్మ ఖాళీ ఇంట్లోకి ఒక్కతే వెళ్ళి, "ఏదైనా మర్చిపోయామా?" అని గట్టిగా అడిగేది. ఎవరిని అడిగేదో ఆవిడకే తెలియాలి. గది ఆ మాటనే తిరిగి చెప్పేది. అప్పుడు తలుపుకి తాళం వేసి వచ్చి లారీ ఎక్కేది. ఆ చప్పుడు పిల్లలందరి చెవుల్లోనూ పడింది, తక్కినవాళ్ళు మర్చిపోయారు, ఈవిడ మర్చిపోలేదు.

మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా పైకీ కిందకీ పోయే పనే కానీ, మనిషి మాత్రం ఉలకడు పలకడు. ఇప్పుడున్న అద్దె ఇంట్లో దిగి నాలుగేళ్ళయింది. హాల్లో గోడవారగా పదకొండు అట్టపెట్టెలు అప్పుడు వేసిన టేపుతోనే ఉన్నాయి. ఎలాగూ మారతాం, విప్పడమెందుకంటుంది ఈవిడ. "ఆ పెట్టెల్లో ఏమున్నాయో ఇప్పుడు ఆ పెట్టెలకైనా గుర్తుందో లేదో" అంటాడాయన. అని, అందులో ఒకదాని మీదే కూర్చుని టీవీ చూస్తాడు.

రెండేళ్ళ కిందట ఒక పెద్దాయన ఫోనులో జవాబులు చెబుతుంటే, ఈవిడ ఉండబట్టలేక "సామాను తీసేశారా అండీ?" అని అడిగింది.  "నిన్ననే తీసేశామమ్మా. మీకెలా తెలుసు?" అన్నాడు. ఆ గొంతు విన్నాక ఆవిడకి రోజంతా మనసు మనసులో లేదు. ఇల్లు ఖాళీ చేసి అమ్మేవాడి అవస్థ వేరు. పాత ఇంట్లో ఉండలేడు, కొత్త ఇంట్లో కుదురుకోలేడు, రెంటి మధ్యా కాళ్ళరిగేలా తిరుగుతూ ఉంటాడు. అలాంటివాడికి నెమ్మదైన ఏజెంటు కావాలి, రోజూ వెళ్ళి కిటికీలు తీసి, దుమ్ము దులిపి, ఏం ఫరవాలేదండీ అని చెప్పేవాడు. అందుకని ప్రశ్నలన్నిటి కింద "ఇతర విషయాలు" అనే గడిలో ఆవిడ రెండే మాటలు రాసింది: గది మోగుతోంది. చదివినవాళ్ళు అర్థం చేసుకుని మంచి ఏజెంటుని పంపుతారనుకుంది. అప్పటినుంచి మోగిన గది మోగినట్టల్లా రాస్తూ పోయింది. ఆ గడి ఎవరూ చదవరని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

చివరికి చదివింది లెక్కల పిల్ల. ఒకరోజు ఏదో వెతుకుతుంటే ఈ రెండు మాటలు వందలచోట్ల కనిపించాయి. ఆ ఇళ్ళన్నీ వేరే తీసి చూసింది. తక్కినవాటికి పట్టిన రోజుల్లో మూడోవంతులోనే అమ్ముడైపోయాయి. అడిగిన ధరకంటే బాగా దిగి అమ్ముడయ్యాయి, ఆ ముక్క ఎవరూ పైకి చదవలేదు. బాసు ఎగిరి గంతేశాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడు, చెడ్డవాడని చెప్పను, వేగం ఒక్కటే ఎరిగినవాడు. వాళ్ళమ్మ ఇల్లు ఎవరో బ్రోకరు చేతిలో పడి అన్యాయమైన ధరకి పోయిందట, అమ్మేవాళ్ళకి మేలు చెయ్యాలనే ఈ కంపెనీ పెట్టాడట. ప్రతి మీటింగూ ఆ కథతోనే మొదలవుతుంది. ఆ రోజు మీటింగులో చెవులక్కని ముందుకి పిలిచి, ఆకాశానికెత్తేసి, కుండీలో మొక్క ఒకటి బహుమతిగా ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇకమీదట ఆవిడ ఆ మాట రాసిన ప్రతి ఇంటి పక్కనా చిన్న గంట బొమ్మ పడుతుందని, ఏజెంట్లకి అది కనిపిస్తుందని చెప్పాడు.

మూడు రోజులు ఆవిడ కాళ్ళు నేలమీద ఆనలేదు. తన చెవికి ఇన్నాళ్ళకి ఒక విలువ వచ్చిందనుకుంది. మొక్కని కిటికీలో పెట్టి నీళ్ళు పోసింది, అవసరానికి మించే పోసింది.

నాలుగు వారాలు గడిచాక ఒక టీచరమ్మ ఫోను చేసింది. బదిలీ మీద వేరే ఊరు వెళ్ళిపోయి, ఇల్లు అమ్మకానికి పెట్టిన మనిషి. గొంతులో కోపం కూడా లేదు.

"నాతో మాట్లాడింది మీరేనా అండీ? సామాను తీసేశారా అని అడిగింది?"

"నేనేనండీ."

"మీరొక్కరే అడిగారు. నేనింకెవరికీ చెప్పలేదు. మీరు పంపిన ముగ్గురూ గేటు దగ్గరే ఒకటే మాట అన్నారు. ఖాళీ ఇల్లు ఎన్నాళ్ళు పెట్టుకుంటారమ్మా, తగ్గించి వదిలించుకోండి అని. మొదటాయన అన్నప్పుడు నవ్వాను. మూడో ఆయన కూడా అనేసరికి భయమేసింది. ఇచ్చేశాను. అయిపోయిందనుకోండి. ఊరికే తెలుసుకుందామని చేశాను, వాళ్ళకెలా తెలిసింది?"

చెవులక్క నడుస్తున్నదల్లా ఆగిపోయింది. ఆ హాల్లో ఆవిడ నిలబడిపోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. నాకు తెలియదండీ అని ఫోను పెట్టేసింది. అబద్ధమాడినందుకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

తిన్నగా బాసు గదిలోకి వెళ్ళింది. ఆ గంట తీసేయమంది. "అక్కా, ఏజెంట్లకి ఇచ్చేది సమాచారం మాత్రమే. దాంతో వాళ్ళేం చేస్తారనేది వాళ్ళ ఇష్టం. అయినా ఇల్లు తొందరగా పోతే అమ్మేవాళ్ళకే కదా లాభం" అన్నాడు, కంప్యూటరు మీదనుంచి చూపు తిప్పకుండా. ఆవిడ సీటుకొచ్చి, ఆ రోజునుంచి ఆ రెండు మాటలు రాయడం మానేసింది. నేను రాయకపోతే గంట ఎలా పడుతుందో చూస్తాననుకుంది.

వారం తిరక్కుండానే గంటలు వాటంతటవే పడడం మొదలుపెట్టాయి.

"మీరు రాసిన నోట్లూ, ఆ కాల్స్ రికార్డింగులూ కలిపి మిషన్‌కి వినిపించాం అక్కా" అంది లెక్కల పిల్ల సంబరంగా. "ఇప్పుడదే విని పట్టేస్తోంది. మీకింక రాసే శ్రమ లేదు." ఆ పిల్లకి ఇందులో తప్పేమీ కనిపించలేదు. తన పని తను బాగా చేసింది, అంతే. చెవులక్కకి మాత్రం గుండెలో రాయి పడింది. తన చెవిని కోసి తీసుకెళ్ళి గోడకి తగిలించారు, ఇప్పుడిక తను ఉన్నా లేకపోయినా అది వింటుంది. టీచరమ్మ ఇల్లు పోయింది. అంతకుముందు రెండేళ్ళుగా పోయినవన్నీ కాకపోయినా, ఈ నెలరోజుల్లో పోయినవి తన చేత్తో తను పోగొట్టినవే.

ఆ వారం ఇంట్లో కూడా ఆవిడ కూర్చోలేదు. వంటింటికీ వాకిలికీ మధ్య తిరుగుతూనే ఉంది. "ఏమైందోయ్?" అన్నాడు మొగుడు. చెప్పింది. ఆయన అంతా విని, "లిఫ్టులో ఎంత బరువుందో పట్టేసే మిషన్ ఉంటుంది. మనిషి ఎక్కాడో, ఇసక బస్తా ఎక్కిందో దానికి తెలియదు. మోసం చెయ్యాలంటే బస్తా పెడితే చాలు" అన్నాడు. అని, పెట్టె మీద సర్దుకుని కూర్చుని టీవీ పెట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వచ్చిన ఫోను ఒక రిటైరైన బస్సు డ్రైవరుది. హలో అనగానే గది ఖంగుమంది. అంత బోసి గది ఆవిడ చాలా రోజులుగా వినలేదు. ఎర్ర బటన్ మీద వేలు పెట్టి కూడా నొక్కలేదు.

"ఇల్లు ఎందుకు అమ్ముతున్నారు బాబాయి గారూ?" అంది. అది ప్రశ్నల్లో మూడోది, రికార్డు మొదలవకుండా అడక్కూడదు.

ఆయన చెప్పుకొచ్చాడు. ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు లేదు. భార్యకి మోకాళ్ళు పోయాయి, ఇక మెట్లెక్కలేదు. ప్రస్తుతానికి వాళ్ళ మరదలి ఇంటి పక్కన అద్దె గదుల్లోకి దింపాడు. అదే వీధిలో చిన్న వాటా ఒకటి అమ్మకానికి ఉంది, నేలమీదే, ముందు వరండా కూడా ఉంది. పై ఇల్లు అడిగిన ధరకి పోతే అది కొనుక్కోవచ్చు. తగ్గిందా, ఇక కొనడమన్న మాట లేదు. "ఈ వయసులో పక్క చుట్ట చంకన పెట్టుకుని అద్దె ఇళ్ళు మారుతూ ఉండాలి తల్లీ. ఆవిడ ఎక్కడ నడుస్తుంది? నేను ముప్పై నాలుగేళ్ళు తిరిగినవాణ్ణే, నా సంగతి సరే."

ఇళ్ళు మారడమనే మాట చెవులక్కకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"బాబాయి గారూ, ఆ ఇంట్లో దుప్పటి ఏమైనా ఉందా?"

"దుప్పటా? పాత కంబళి ఒకటి వదిలేశాం. కిటికీకి అడ్డంగా కట్టాను."

"అది విప్పి తల మీదుగా కప్పుకుని మాట్లాడండి. ఫోను కూడా లోపలే ఉండాలి."

"ఎండాకాలం తల్లీ."

"పది నిమిషాలే. లైను సరిగ్గా లేదు."

నిజానికి లైను అద్దంలా ఉంది. "బస్సు ఇంజను పక్కన కూర్చున్నవాడికి కంబళి ఒక లెక్కా" అన్నాడు. కాసేపు సరసరమని చప్పుడు. తర్వాత ఆయన గొంతు దగ్గరగా, మెత్తగా, మూడు బీరువాలున్న గదిలోంచి వచ్చినట్టు వచ్చింది. అప్పుడు ఆవిడ బటన్ నొక్కింది. పదమూడు ప్రశ్నలూ అయ్యేసరికి ఆయన రొప్పుతున్నాడు. బటన్ తీసేశాక, ఏజెంటు వచ్చే రోజున కిటికీలకి పరదాలు కట్టమనీ, నాలుగు కుర్చీలూ ఒక మంచమూ పైకి చేర్పించమనీ, వంటింట్లో గిన్నెలు కనబడేలా పెట్టమనీ, తొందరేమీ లేదని మాత్రం గట్టిగా చెప్పమనీ చెప్పింది. కంప్యూటరు మీద ఆ ఇంటి పక్కన గంట పడలేదు. ఆవిడ ఆ తెర వంక రెండుసార్లు చూసి, టీ తాగడానికి వెళ్ళింది.

ఆ తర్వాత ఇక ఆపలేదు. మోగే గది వినబడితే చాలు, లైను బాగాలేదండీ అనేది. కొందరిని కారులో కూర్చోమంది. కొందరిని శాలువా చుట్టుకోమంది. ఒకాయన దగ్గర ఏమీ లేకపోతే చొక్కా విప్పి ఫోను మీదుగా తలకి చుట్టుకుని మాట్లాడాడు, మధ్యలో పక్కింటివాళ్ళు వచ్చి ఏమైందని అడిగారట. జనం మంచివాళ్ళు, ఎందుకని అడిగినవాళ్ళు తక్కువ. కానీ ఆవిడకి మనశ్శాంతి లేదు. తన ఫోనుకి రానివాళ్ళు చాలామంది ఉన్నారు, పక్క బల్లలవాళ్ళు మాట్లాడే ఇళ్ళకి గంటలు పడుతూనే ఉన్నాయి. అవి చూసినప్పుడల్లా నడక ఇంకా వేగం అయ్యేది. రోజూ సాయంత్రానికి మడమలు పీకేవి.

లెక్కల పిల్ల తెలివితక్కువది కాదు. మూడో వారంలో ఒకరోజు తల తిప్పకుండానే అంది, "అక్కా, మీ కాల్స్ ఒక్కదానికీ గంట పడట్లేదు."

"నా అదృష్టం అలాంటిది."

"విన్నాను కూడా. అందరికీ జలుబు చేసినట్టుంది."

 ఆ పిల్ల నేల మీదున్న పెన్నుల డబ్బా తీసి తుడిచి, మళ్ళీ నేల మీదే పెట్టి, పనిలో పడిపోయింది. బాసుకి చెప్పిందా లేదా అని ఆవిడ రెండు రోజులు నిప్పుల మీద నిలబడ్డట్టు గడిపింది. చెప్పలేదు.

గుట్టు బయటపెట్టింది శత్రువులెవరూ కాదు. ఇంకో నెల తిరిగాక ఒక సోమవారం మీటింగులో బాసు తన తల్లి ఇంటి కథ సగంలో ఉండగా, గాజు తలుపు తోసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చంకలో ప్లాస్టిక్ కవరులో కొత్త దుప్పటి. హాలంతా ఒకసారి కలయజూశాడు.

"ఫోనులో దుప్పటి కప్పుకోమని చెప్పిన తల్లి ఎవరమ్మా?"

 చెవులక్కకి భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది. ఆయన ఆపలేదు. ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపిన మనిషి, ట్రాఫిక్కు మీదుగా వినబడే గొంతు. "ఇల్లు ఖాళీ అని ఏజెంటు పసిగట్టలేకపోయాడండీ. పరదాలు కట్టాను, మంచం ఎక్కించాను, ఆ తల్లి చెప్పింది చెప్పినట్టు చేశాను. అడిగిన ధరకే పోయింది. నేలమీది వాటా తాళాలు నిన్ననే చేతికొచ్చాయి. మా ఆవిడ పొద్దున వరండాలో కూర్చుని టీ తాగింది. అది చెప్పిపోదామని వచ్చాను." అప్పటికి ఆవిడ నోటినుంచి "బాబాయి గారూ" అన్న మాట జారింది, ఆ గొంతుతో ఆయన గుర్తుపట్టేశాడు. దుప్పటి తెచ్చి రెండు చేతులతో ఆవిడ చేతిలో పెట్టాడు. ఇది చల్లటి నూలుది, ఎండాకాలంలో కప్పుకున్నా ఊపిరాడుతుందన్నాడు. ఎంత కొంప ముంచాడో తెలియక, ఎంత సంతోషపెట్టాడో మాత్రమే తెలిసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. భయం ఆ తర్వాత వచ్చింది.

బాసు గదిలో ఈసారి ఆయన కంప్యూటరు మూసేసి మాట్లాడాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అక్కా, పోలీసు లాగా మాట్లాడటం నాకిష్టం లేదు. జరిగింది జరిగింది. మిషన్‌కి దుప్పటి కింద గొంతు తెలియట్లేదు, అంతే కదా. మీకు తెలుస్తుంది. కప్పుకుని మాట్లాడేది ఏదో, నిజంగా సామాను ఉన్న గది ఏదో మీరు వింటే చెప్పగలరు. నెలరోజులు దాని పక్కన కూర్చుని నేర్పండి. ఆ తర్వాత ఫోన్లు చెయ్యక్కర్లేదు, టీముకి హెడ్ మీరే. వద్దంటే మాత్రం నేను వేరే మనిషిని చూసుకోవాలి. సాయంత్రంలోపు చెప్పండి."

ఆవిడ గోడకి చేరబడి నిలబడింది. ఈ ఆఫీసులో ఐదేళ్ళయింది. జీవితంలో ఏ ఇంట్లోనూ ఉండనంత కాలం ఈ బల్ల దగ్గర ఉంది. అది వదులుకోవడం తేలిక కాదు, అదీ నిజమే.

"మీ అమ్మగారి ఇల్లు అమ్మారు కదా బాబూ, అప్పటికి సామాను తీసేశారా?"

ఆయన చేతిలో పెన్ను తిరగడం ఆగిపోయింది. "తీసేశాం" అన్నాడు.

"ఆ బ్రోకరుకి ముందే తెలుసేమో."

"అదీ ఇదీ వేరు అక్కా."

"ఎలా వేరు?"

ఆయన బల్ల మీద లేని దుమ్ముని చేత్తో తుడిచాడు. తర్వాత మళ్ళీ, సాయంత్రంలోపు చెప్పండి అన్నాడు. ఆ కుర్రాడికి ఆ క్షణంలో అర్థమైందనే నా నమ్మకం. అర్థమైనంత మాత్రాన మనుషులు మారిపోతే ఇంకేం కావాలి.

సీటుకొచ్చేసరికి తెర మీద కొత్త పేరు వెలుగుతోంది. ఐదు నిమిషాల్లో ఒకటిన్నర అయిపోయింది. ఆవిడ హెడ్‌సెట్ పెట్టుకుని నంబరు కలిపింది. ఆడగొంతు. హలో అనగానే గది మోగింది. వెనక ఎక్కడో చంటిబిడ్డ గొణుగుతోంది, ఆ గొణుగుడు కూడా మోగుతోంది.

ఈసారి ఆవిడ ముందే ఎర్ర బటన్ నొక్కింది.

"అమ్మా, ఇది రికార్డు అవుతోంది, ఫరవాలేదా? ప్రశ్నలకి ముందు ఒక మాట చెప్పాలి. మీ ఇల్లు ఖాళీ చేసేశారని నాకు వినబడుతోంది. మా మిషన్‌కీ వినబడుతుంది. అది ఏజెంట్లకి చెప్పేస్తుంది. వాళ్ళు గేటు దగ్గరే మిమ్మల్ని తొందరపెడతారు, ధర దించమంటారు. ముగ్గురూ ఒకే మాట అంటే అది నిజమనుకోకండి, ముగ్గురికీ ఒకే చీటీ అందిందనుకోండి. మీకు తొందర లేదని చెప్పండి, ఉన్నా లేదనే చెప్పండి. మా ద్వారా అమ్మాలనుకుంటే ప్రశ్నలు మొదలుపెడతాను. వద్దనుకుంటే అదీ మీ ఇష్టమే."

ఇదంతా ఆవిడ నడవకుండా చెప్పింది, కుర్చీలో కూర్చుని. హాల్లో ఒక్కొక్క బల్ల దగ్గరా తలలు ఇటు తిరిగాయి. గాజు గదిలో బాసు లేచి నిలబడ్డాడు, కానీ బయటికి రాలేదు.

"ఇది చెప్పడానికి మీకు ఇబ్బంది కాదా అండీ?" అంది అవతలి అమ్మాయి.

"అవుతుందమ్మా."

ఆ అమ్మాయి వద్దంది. చాలా థాంక్సండీ అని కూడా అంది. చెవులక్క హెడ్‌సెట్ తీసి, తీగ నీటుగా చుట్టి, కప్పు కడిగి సంచిలో వేసుకుంది. ఒక చంకలో దుప్పటి, ఇంకో చేతిలో మొక్క. లెక్కల పిల్ల లేచి తలుపు తీసి పట్టుకుంది. "మీ చివరి కాల్ అందరికీ పంపించనా అక్కా? అన్ని బల్లలకీ?" అంది, చాలా నెమ్మదిగా. చెవులక్క ఆ పిల్ల మొహం వంక చూసింది. "నీ ఉద్యోగం జాగ్రత్త" అంది. "అది తర్వాత చూసుకుందాం" అంది పిల్ల.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. తాళం తీసి, హాలు మధ్యలో నిలబడి, ఎందుకో తెలియకుండానే "ఏదైనా మర్చిపోయామా?" అంది. గట్టిగానే అంది. గది ఆ మాట తిరిగి ఆవిడకే చెప్పింది. ఐదేళ్ళుగా ఊరందరి గదులూ విన్న మనిషికి తన హాలు మోగుతుందని ఆ రోజే తెలిసింది. పరదా లేదు, పటం లేదు, పదకొండు పెట్టెలూ గోడవార కుదురుగా ఉన్నాయి. ఆవిడ చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వెళ్ళి కత్తి తెచ్చింది.

ఆరున్నరకి మొగుడు వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. పెట్టెలన్నీ మధ్యకి వచ్చి ఉన్నాయి. టేపులు తెగి ఉన్నాయి. పాత పరదాలూ, పుస్తకాలూ, ఆగిపోయిన గోడ గడియారమూ, ఆవిడ అత్తగారు ఇచ్చిన ఇత్తడి డబ్బాలూ నేలంతా పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య ఆవిడ కూర్చుని ఉంది. ఆయన సంచి దించి నిట్టూర్చాడు.

"మళ్ళీ మారుతున్నామా?"

"లేదు" అంది. "ఇప్పుడే వచ్చాం."

ఉద్యోగం పోయిన సంగతి చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఆయన విని తలూపాడు. రోజూ కూర్చునే పెట్టె ఖాళీ అయిపోయింది కాబట్టి, ఎక్కడ కూర్చోవాలో తెలియక అటూ ఇటూ చూసి, నేల మీద పరిచిన కొత్త దుప్పటి మీద కూర్చున్నాడు. పరదా ఒకటి ఒళ్ళోకి తీసుకుని కొలత చూస్తూ, మేకులు ఏ పెట్టెలో ఉన్నాయని అడిగాడు.